తర్వాతేమైందని అడిగించని కథలు

ఆ ఆసుపత్రిలో ఎవరినైనా ఆపి, ఇక్కడ అందరికంటే విసుగెత్తించే మనిషి ఎవరని అడిగితే, గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ ఒకే తలుపు చూపిస్తారు. కింది అంతస్తులో స్కాన్ గది దాటాక, పైన ఎర్ర దీపం ఉండే తలుపు అది. దాని వెనక పనిచేసే టెక్నీషియన్‌కి సోది బాబాయ్ అని పేరు. ఎదురుగా ఉన్నప్పుడు ఉత్త బాబాయ్ అంటారు, అటు తిరగగానే ముందు సోది తగిలిస్తారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసినా ఎవరినీ ఏమీ అనడు. అనడం మొదలుపెడితే అది కూడా అరగంట పడుతుందని మిగతావాళ్ళ భయం.

ఆయన తరఫున ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ సోది పుట్టుకతో వచ్చింది కాదు, పనికోసం నేర్చుకున్నది. కంసాలికి కంటిచూపు పోయినట్టు, చాకలికి చేతులు పగిలినట్టు, ఈయనకి నాలుక మొద్దుబారింది.

ఆ గదికి వచ్చేవాళ్ళు మామూలు రోగులు కాదు. బండి గుద్దినవాళ్ళు, ఎత్తు మీంచి పడ్డవాళ్ళు, యంత్రాల మధ్య నలిగినవాళ్ళు. ఒక్కోసారి పైన చిన్న గీరు కూడా ఉండదు. లోపల మాత్రం ఎక్కడో రక్తనాళం తెగి, కట్టేయడం మరిచిపోయిన కుళాయిలా కారిపోతూ ఉంటుంది. ఒకప్పుడైతే పొట్ట కోసి ఆ రక్తపు మడుగులో చేత్తో వెతికేవారు. దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఇప్పుడు ముందు స్కాన్ తీస్తారు. నరంలోకి ఎక్కించిన మందు రక్తంతో కలిసి ఒళ్ళంతా తిరుగుతూ, కన్నం ఉన్నచోట బయటికి చిమ్మి, బొమ్మలో తెల్లటి మరకలా పడుతుంది. ఆ మరక జాడ పట్టుకుని మనిషిని ఎర్ర దీపం గదిలోకి తెస్తారు. తొడ మొదట్లో నాడి కొట్టుకునే చోట సూది గుచ్చి, అందులోంచి సన్నని గొట్టాన్ని రక్తనాళాల వెంట పంపించి, తెర మీద చూసుకుంటూ తెగిన చోటు దాకా నడిపించి, అక్కడ వెంట్రుకల్లాంటి తీగ చుట్టలు పెట్టి మూసేస్తారు. అంతసేపూ మనిషి మెలకువగానే ఉంటాడు. పెద్ద కోత లేదు, కుట్లు లేవు.

ఇంత పనీ అయ్యాక మిగిలేది గొట్టం వెళ్ళిన ఆ చిన్న కన్నం. బియ్యపు గింజంత ఉంటుంది. దాన్ని మూసే పరికరాలు వచ్చాయి గానీ అవి అందరికీ కుదరవు. కుదరనివాళ్ళకి మనిషి వేళ్ళే గతి. గొట్టం లాగేసి, గాజుగుడ్డ పెట్టి, మూడు వేళ్ళతో అదిమిపట్టి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట నిలబడాలి. మరీ గట్టిగా నొక్కితే కాలికి రక్తం అందదు, వదులైతే కన్నం నోరు తెరుస్తుంది. ఆ వేళ్ళు బాబాయ్‌వి.

పేషెంటు కూడా ఆ సేపంతా రాయిలా పడుకోవాలి. తల ఎత్తకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు. వీటిలో ఏది చేసినా పొట్ట బిగుస్తుంది, అప్పుడప్పుడే పేరుకుంటున్న రక్తపు గడ్డ ఊడిపోతుంది. కొత్తలో బాబాయ్‌కి ఇది వినడమే గానీ అనుభవం కాలేదు. అప్పట్లో ఆయన మహా మాటకారి. ఒక లారీ డ్రైవరు బిక్కుబిక్కుమంటూ పడుకుని ఉంటే, పాపం ధైర్యం చెబుదామని ఒక జోకు చెప్పాడు. డ్రైవరు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి రక్తం చిమ్మి బాబాయ్ కళ్ళజోడు మీద పడింది. డ్రైవరుకేమీ కాలేదు గానీ బాబాయ్‌కి బుద్ధి వచ్చింది. నోరు మూసుకుని నిలబడితే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. నిశ్శబ్దంగా ఉంటే పేషెంటు తన గురించి తాను ఆలోచించడం మొదలుపెడతాడు, ఆలోచిస్తే భయం వేస్తుంది, భయం వేస్తే రక్తం పోటెత్తుతుంది.

కాబట్టి ఏదో ఒకటి చెబుతూ ఉండాలి. చెప్పేది నవ్వించకూడదు, ఏడిపించకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా తర్వాతేమైందని అడిగించకూడదు. ఆసక్తి పుట్టిందా, తల ఎత్తేస్తారు. అలాంటి కథలు లోకంలో దొరకవు, తయారుచేసుకోవాలి. బాబాయ్ తయారుచేసుకున్నాడు. ఆయన దగ్గర గొడుగు బాగుచేయించిన కథ ఉంది. ప్లాస్టిక్ బకెట్ కొనడానికి రెండు దుకాణాలు తిరిగి మొదటి దుకాణానికే వచ్చిన కథ ఉంది. బస్సు స్టాపు కాస్త ముందుకి జరిపిన కథ ఉంది. అన్నిటికీ తలమానికం కుళాయి వాషరు కథ. దానికి మొదలుంది, నడుముంది, చివర లేదు. ఎంతటి మొండి మనిషైనా ఆ కథలో రెండో వాషరు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసేస్తాడు. ఆ గదిని నడిపే డాక్టరమ్మ అంటుంది, మత్తుమందు వాళ్ళు వినకూడదు గానీ, ఈయన ఉంటే సీసా విప్పే పని ఉండదని.

చిక్కేమిటంటే, అలవాటైన నాలుకని ఇంటికి వెళ్ళేటప్పుడు ఏప్రాన్‌తోపాటు మేకుకి తగిలించి వెళ్ళలేం కదా. టీ కొట్టు దగ్గర బాబాయ్ బెంచీ మీద కూర్చుంటే చాలు, పక్కన ఉన్నవాళ్ళకి అర్జంటు పనులు గుర్తొస్తాయి. ఆయన ఒక్కగానొక్క కూతురు అదే ఊళ్ళో ఉంటుంది. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు.

“అమ్మా, ఇవాళ ఏమైందంటే, మా మెట్ల దగ్గర బల్బు ఉంది చూడు, అది...”

“నాన్నా, పొయ్యి మీద పాలున్నాయి, మళ్ళీ చేస్తాలే.”

ఆ పొయ్యి మీద పాలు కొన్నేళ్ళుగా కాగుతూనే ఉన్నాయి. అల్లుడు ఫోనెత్తితే మరీ సుఖం. “ఉండండి మామయ్యగారూ, అమ్మాయికిస్తాను” అని ఆయన నోరు తెరవకముందే చేతులు మార్చేస్తాడు. కూతురు చెడ్డదేం కాదు. జ్వరం వస్తే పరుగున వస్తుంది, మందులు కొనిస్తుంది, పక్క దులుపుతుంది. కూర్చుని వినమంటేనే దానికి చేతకాదు. తన మాటలు ఎంత చప్పగా ఉంటాయో బాబాయ్‌కీ వినిపిస్తూనే ఉంటుంది. ఫోన్ పెట్టేశాక, బల్బు సంగతి కాకుండా ఇంకేదైనా చెప్పి ఉండాల్సిందే అనుకుంటాడు. నువ్వు చిన్నప్పుడు ఇలా ఉండేదానివి అనో, ఇవాళ నాకు బాగాలేదమ్మా అనో. మర్నాడు ఫోన్ చేయగానే నోట్లోంచి మళ్ళీ బల్బే వస్తుంది.

ఆయనది ఒంటరితనం. ఇంకో పేరేం లేదు. యాభై ఏడేళ్ళ మగవాడు ఆ మాట బయటికి అనడానికి సిగ్గుపడతాడు కాబట్టి, అలవాటైపోయిందండీ అంటాడు. అలవాటు కాలేదు. మేడ మీద ఒక గదీ వంటిల్లూ, రెండు కుర్చీలు. రెండో కుర్చీ మీద ఉతికిన బట్టలు పెట్టుకుంటాడు.

ఆ కుర్చీలో కూర్చోవలసిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. అప్పుడాయన ఇంకో చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని స్ట్రెచరు వచ్చింది, దాని మీద భార్య ఉంది. స్కూటరు మీద వస్తుంటే వెనక నుంచి ఎవడో గుద్దాడు. ఫిలిం ఈయనే తీశాడు. తుంటి ఎముకలు రెండు చోట్ల విరిగినట్టు చక్కగా, అద్దంలో చూసినట్టు కనిపించింది. ఎముకే కదా, అతుక్కుంటుంది అనుకున్నాడు. ఆమెతో కూడా అదే అన్నాడు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ రక్తం ఎటు పోతోందో కనిపించదు. ఆ ఎముకల వెనక, ఎవరికీ అందని లోతులో, ఆమె రక్తమంతా ఇంకిపోతోంది. చివరికి పొట్ట కోసి చూశారు. ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు. ఆమె మళ్ళీ బయటికి రాలేదు.

అలాంటి దెబ్బని కోయకుండా, తొడలోంచి తీగ పంపి మూసేయవచ్చని ఆయనకి కొన్నాళ్ళ తర్వాత తెలిసింది. మనిషి పోయాక మందు దొరికినట్టయింది. కోపం రావలసింది, రాలేదు. ఆ పని ఎక్కడ చేస్తారో వెతుక్కుంటూ వచ్చి ఈ గదిలో చేరాడు. భార్య పోయిన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబుదామన్నా వినేవాళ్ళెవరు?

ఇలా ఉండగా ఒకరోజు భోజనాల వేళకి రంగులేసే ఆవిడని తీసుకొచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. రెండో అంతస్తు గోడకి రంగు వేస్తుంటే నిలబడ్డ బల్ల జారింది. జుట్టు నిండా తెల్లటి సున్నపు రంగు, గోళ్ళ కింద నీలం. స్కాన్‌లో తుంటి దగ్గర తెల్లటి మరక స్పష్టంగా ఉంది. డాక్టరమ్మ ఎక్స్‌రే కిరణాలు తగలకుండా సీసపు ఏప్రాన్ తగిలించుకుని తెర ముందు నిలబడింది. గొట్టం మెల్లగా పాక్కుంటూ వెళ్ళింది, మందు వదిలితే తెర మీద సిరా ఒలికినట్టు నల్లగా చిమ్మింది. తీగ చుట్టలు ఒకటి, రెండు, ఇంకొకటి. మళ్ళీ మందు వదిలారు. ఈసారి ఒలకలేదు. డాక్టరమ్మ మెడ అటూ ఇటూ తిప్పుకుని, “అమ్మయ్య, ఆగింది” అంది. రక్తం గడ్డకడుతున్నట్టు పరీక్షలో చూసుకుని, గొట్టం లాగేసి, చోటు బాబాయ్ చేతికి అప్పగించి, రాసుకోవడానికి పక్క గదిలోకి వెళ్ళింది. నర్సు మూలన ట్రే సర్దుకుంటోంది.

బాబాయ్ మూడు వేళ్ళూ ఆనించి, కుళాయి వాషరు కథ తీశాడు.

“మా వంటింట్లో కుళాయి ఒకటుందమ్మా. అది కారుతూ ఉండేది. మరీ ఎక్కువగా కాదు, మరీ తక్కువగానూ కాదు...”

“గోడ పక్కనేనా?” అంది రంగులావిడ పైకప్పు చూస్తూ.

“ఆఁ?”

“కుళాయి గోడలోంచి వచ్చిందా, కింద నుంచా? గోడలోంచి అయితే చెమ్మ పైకెక్కుతుంది బాబాయ్. దాని మీద ఏ రంగూ నిలవదు, పొక్కులు పొక్కులుగా లేచిపోద్ది.”

నర్సు పిలవడం విని ఆమె కూడా బాబాయ్ అంటోంది. ఈయనకి మాట తడబడింది. ఆ కథ కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాడు. ఎవరూ మధ్యలో ప్రశ్న వేయలేదు. “గోడలోంచే” అన్నాడు.

“చూశారా మరి. తర్వాత?”

తర్వాత! ఆ మాట ఆయన చెవిన పడి ఎన్నాళ్ళయిందో. పనిలో ఆ మాట ప్రమాదమని తెలుసు. కథని ఇంకా చప్పగా చేయాలని చూశాడు. దుకాణంవాడు ఒక సైజు వాషరు ఇచ్చాడనీ, అది సరిపోలేదనీ, మళ్ళీ వెళితే దుకాణం మూసి ఉందనీ చెప్పాడు. ఏం లాభం? ఆవిడ బతుకంతా గోడలతోనే గడిచింది. ఆమెకి ఇది చందమామ కథకంటే రసవత్తరంగా ఉంది.

“మీ ఇంటావిడ ఎలా ఊరుకుంది బాబాయ్? మా ఇంట్లో అయితే కుళాయి అలా కారితే నేను మా తమ్ముడి మెడ వంచి పట్టుకునేదాన్ని.”

అక్కడ ఆయన ఆగి ఉండాలి. అవునమ్మా అని, మూడో వాషరు దగ్గరికి వెళ్ళిపోవాలి. కానీ మాటంటే చెవి కోసుకునే మనిషి ఒకరు, ఇన్నేళ్ళకి, కదలకుండా ఎదురుగా పడుకుని ఉన్నారు. రుచి మరిగిన నాలుక ఊరుకుంటుందా?

“మా ఆవిడా? ఆవిడ ఊరుకునే రకం కాదు తల్లీ. అసలు మేం కలిసిందే మాటల మీద. చెయ్యి బెణికిందని ఎక్స్‌రేకి వచ్చింది. కదలకండి అన్నాను. ఫిలిం పాడైంది. ఇంకోటి తీశాను, అదీ పాడైంది. ఎందుకండీ కదులుతారు అంటే, నేను కదల్లేదండీ, మాట్లాడానంతే అంది. ఆవిడకి చేతులు కదపకుండా మాట్లాడడం రాదు!”

రంగులావిడ పెదాలు బిగబట్టుకుంది. కళ్ళల్లో నవ్వు తిరుగుతోంది.

“నవ్వకు తల్లీ, నీకు పుణ్యముంటుంది” అన్నాడు. అన్నాడే గానీ ఆయన గొంతు మారిపోయింది. మూలన నర్సు చేతిలో ట్రే పట్టుకుని ఇటు తిరిగి చూసింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ గొంతు వినలేదు.

“నవ్వనులే. తర్వాత?”

“తర్వాతేముంది, ఆ చెయ్యే పట్టుకున్నాను. ఫ్యాను తిరగకపోతే ఫ్యానుని తిట్టేది. బియ్యంలో రాయి వస్తే రాయిని తిట్టేది. నన్ను మాత్రం తిట్టేది కాదు, నవ్వేది. నేనేం చెప్పినా నవ్వేది. చెప్పేవాడికి అంతకంటే ఏం కావాలి?”

“తర్వాత?”

“స్కూటరు నేర్పించాను. ముందు వద్దన్నాను, వినలేదు. ఒకరోజు వస్తుంటే వెనక నుంచి గుద్దాడెవడో. అచ్చం నీకులాగే, తుంటి ఎముకలు...”

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే రంగులావిడ తల పైకి లేచింది, భుజాలు లేచాయి.

“నాకులాగేనా? ఆవిడకేమైంది?”

బాబాయ్ వేళ్ళ కింద వెచ్చగా తగిలింది. గాజుగుడ్డ ఎర్రబడింది. “పడుకో తల్లీ, తల దించు, దించు!” అంటూ రెండో చెయ్యి కూడా వేసి అదిమాడు. నర్సు ట్రే వదిలేసి వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. వేళ్ళ పక్కన చర్మం కింద ఏదో ఉబుకుతున్నట్టు తెలుస్తోంది. ఆమె నాడి ఆయన చేతి కింద తరుముతున్నట్టు పరిగెడుతోంది.

పిలిచీ పిలవకముందే డాక్టరమ్మ వచ్చింది. చిన్న స్కానర్ ఆనించి చూసింది. లోపల నిమ్మకాయంత వాపు.

“ఏమైంది బాబాయ్?”

“నోరు జారాను డాక్టర్. తప్పు నాదే.”

డాక్టరమ్మ ఆయన దగ్గరికి వంగి, పేషెంటుకి వినపడకుండా, “ఇది ఇంకా పెరిగితే కోసి కుట్టాలి. కోతకి తట్టుకునే రక్తం ఆవిడ ఒంట్లో లేదు, తెలుసుగా. ముందు ఆ బీపీ దిగాలి. మత్తు ఇంకా ఇస్తే ఊపిరి మందగిస్తుంది, ఇవ్వలేను. నన్ను పట్టుకోమంటారా?” అంది.

“వద్దు డాక్టర్. నేనే పడతాను.”

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, “అయితే మళ్ళీ మొదటి నుంచి, ఇరవై నిమిషాలు” అని, రక్తం సీసా తెప్పించడానికి ఫోన్ దగ్గరికి వెళ్ళింది.

మళ్ళీ మొదటి నుంచి. బాబాయ్ వేళ్ళు సర్దుకుని అదిమాడు. ఒక మనిషి చావు భయంతో ఉంటే, తన కడుపులో దాచుకున్న చావు కబురు తీసి ఆమె ముందు పెట్టబోయాడు. ఎందుకు? ఆమె తర్వాత అని అడిగింది కాబట్టి. తనకి వినేవాళ్ళు కావాలి కాబట్టి. తన మీద తనకే అసహ్యం వేసింది.

“బాబాయ్.” ఆమె గొంతు సన్నగా వచ్చింది. కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి గానీ ఒళ్ళంతా చెవి చేసుకుని ఉంది. “చెప్పండి. ఆవిడకేమైంది?”

ఆయన చేతి కింద నాడి కొట్టుకుంటోంది. ఆ రక్తం ఆగుతుందా లేదా అన్నది ఆ ఒక్క జవాబు మీద ఉంది. ఈ గదిలో ఆయన పేషెంట్లకి విసుగు తెప్పించాడే గానీ అబద్ధం ఎన్నడూ చెప్పలేదు. నొప్పి ఉంటుందా అంటే ఉంటుందనే అన్నాడు.

“ఏమవుతుంది? బాగైపోయింది” అన్నాడు.

“నిజంగా?”

“నిజంగా. ఇలాంటి గదిలోనే, ఇలాగే తీగ పెట్టి మూసేశారు. కొన్నాళ్ళు మంచం మీద ఉంది. తర్వాత కర్ర పట్టుకుని నడిచింది. తర్వాత కర్ర కూడా అక్కర్లేదంది.”

“ఇప్పుడెక్కడుంది?”

“ఎక్కడుంటుంది, ఇంట్లోనే ఉంది.”

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. కానీ నాడి ఇంకా పరిగెడుతూనే ఉంది. బాబాయ్ ఉన్న బలమంతా పెట్టి గొంతుని కిందికి దించాడు. ఆ పాత, చప్పటి, ఎగుడుదిగుడు లేని గొంతు. కుళాయి కథ ఇంక పనికిరాదు, అది ఆమెకి నచ్చింది. గొడుగు, బకెట్ ఏవీ నోటికి రాలేదు. నోటికి వచ్చింది ఒక్కటే.

“పొద్దున లేస్తుంది. తలుపు తీస్తుంది. పాలు లోపల పెడుతుంది. కళ్ళజోడు కోసం వెతుకుతుంది. నుదుటి మీదే ఉంటుంది. ఉందని నేను చెప్పను, చెబితే తెలుసులే అంటుంది. తర్వాత స్టవ్ వెలిగిస్తుంది. కూర తరుగుతుంది. చలికాలం మోకాలు నొప్పి అంటుంది. నూనె రాసుకుంటుంది. ఆ సీసా మూత వదులు. కొత్త మూత తెమ్మంటుంది. మూత విడిగా అమ్మరు అంటాను...”

చెబుతూ ఉంటే ఆయనకే తెలిసింది. ఆమె పోయినప్పుడు తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. కళ్ళజోడు లేదు. మోకాలు నొప్పి అంటే ఏమిటో తెలియని వయసు. ఈ ముసలావిడని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడే, ఈ బల్ల పక్కన నిలబడి, ఒక్కో ఏడూ పోసి పెంచుతున్నాడు. జుట్టు నెరిసింది. చెంపలు జారాయి. చెవి కాస్త మందగించింది. నవ్వు మాత్రం ఎక్కడా పెట్టలేదు, నవ్వు పెడితే కథ చెడుతుంది. ఏడుపునీ రానివ్వలేదు. చేతులు వణికితే ఆమెకి తెలిసిపోతుంది.

“మధ్యాహ్నం కాసేపు పడుకుంటుంది. లేచి బట్టలు మడత పెడుతుంది. సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేస్తుంది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పరు. ఏముంటాయి, ధరలు, పిల్లల దగ్గులు. నేను కుర్చీలో కూర్చుంటాను. ఆవిడ ఇంకో కుర్చీలో కూర్చుంటుంది. నేను ఏదో చెబుతాను. ఆవిడ వినదు. సీసా మూత సంగతి మళ్ళీ అడుగుతుంది...”

తర్వాత అని ఎవరూ అనలేదు. చూస్తే రంగులావిడ రెప్పలు వాలిపోతున్నాయి. తెర మీద అంకెలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. వేళ్ళ కింద నాడి నింపాదిగా నడుస్తోంది. బాబాయ్ ఆపలేదు. సీసా మూత కోసం మూడు దుకాణాలు తిరిగారు ఇద్దరూ. ఆమె నడవలేనంటే ఒక అరుగు మీద కూర్చున్నారు. ఏమీ మాట్లాడుకోలేదు. మళ్ళీ లేచి ఇంటికి వచ్చారు.

డాక్టరమ్మ ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో ఆయన చూడలేదు. స్కానర్ ఆనించి, “పెరగలేదు. ఆగింది. తీయండి ఇంక” అంది. ఆయన ఒక్కో వేలూ మెల్లగా తీశాడు. గాజుగుడ్డ ఎండిపోయి ఉంది. పట్టీ వేసి, కాలు వంచకూడదని నర్సుకి చెప్పి, సింకు దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

డాక్టరమ్మ తువ్వాలు అందించింది. “మీ ఆవిడకి అలా అయిందని నాకెప్పుడూ చెప్పలేదేం బాబాయ్? ఎక్కడ చేశారు? ఎవరో మంచి డాక్టరే అయ్యుంటారు.”

“పాత సంగతి డాక్టర్” అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. బాబాయ్ ఒక్క ముక్కతో ఊరుకోవడం చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది.

వార్డుకి తీసుకెళ్ళడానికి ట్రాలీ వచ్చింది. రంగులావిడ తమ్ముడు పని బట్టలతోనే పరిగెత్తుకొచ్చి తలుపు బయట నిలబడ్డాడు. ట్రాలీ కదలబోతుంటే ఆమె కళ్ళు తెరిచి, తల ఎత్తకుండా, చేత్తో వెతుక్కుని బాబాయ్ చొక్కా అంచు పట్టుకుంది.

“బాబాయ్, ఆవిడ లేచి నడిచిందన్నారు కదా, అందుకే ధైర్యంగా ఉంది. ఇంటికెళ్ళాక నేను అడిగానని చెప్పండి.”

“చెప్తానమ్మా.”

“మర్చిపోవద్దు.”

“మర్చిపోను.”

ట్రాలీ వెళ్ళిపోయింది. మర్నాడు వార్డుకి వెళ్ళి చూద్దామా అనుకున్నాడు. వెళితే మీ ఆవిడేమందని అడుగుతుంది. వెళ్ళకూడదు. ఇన్నాళ్ళకి తన మాట వినాలనుకున్న మనిషి ఒకరు దొరికారు, ఆ మనిషి దగ్గరికి ఇంక వెళ్ళడానికి లేదు. ఆమె లేచి నడిచి ఇంటికి వెళ్ళిపోయేదాకా ఆ వార్డు మెట్లవైపు పోకూడదు. ఏప్రాన్ మేకుకి తగిలించి, బస్సెక్కాడు.

తాళం తీసేసరికి ఇంకా వెలుతురు ఉంది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి నిలబడ్డాడు. చెప్తానని రంగులావిడకి మాటిచ్చాడు. అన్నమాట నిలబెట్టుకోకపోతే, మధ్యాహ్నం చెప్పిన అబద్ధానికి తోడు ఇది రెండోది అవుతుంది. గొంతు సవరించుకున్నాడు. ఎవరైనా వింటారేమోనని ఒకసారి గుమ్మం వైపు చూశాడు. అప్పుడు లోపలి గదివైపు తిరిగి, వంటింట్లో ఉన్న మనిషికి వినపడేంత గట్టిగా అన్నాడు.

“ఏమేవ్, ఇవాళ రంగులేసే ఆవిడ ఒకరు వచ్చారు. నిన్ను అడిగానని చెప్పమన్నారు.”

ఎవరికైనా కబురు చెప్పాక జవాబు కోసం ఆగుతాం కదా, అలాగే కాసేపు ఆగాడు. తర్వాత రెండో కుర్చీ మీది బట్టలు తీసి పక్కన పెట్టాడు.